స్టీరింగు బరువెక్కిందా? పార్టు మార్చేముందు పరీక్ష చేయండి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విశ్రాంత వర్క్‌షాపు ఫోర్‌మన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పవర్ స్టీరింగు గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారు నన్ను ఈ విషయమే మాట్లాడమనడానికి కారణం ఉంది. మనలో చాలామంది రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి కొడుక్కో అల్లుడికో ఒక పికప్ బండి కొనిచ్చారు. కొందరు సెకండ్ హ్యాండులో కొన్నారు. మార్కెట్టుకు టమాటాలు, ఊళ్లోకి పాల క్యాన్లు, పనిస్థలానికి సెంట్రింగు సామాను, ఏదో ఒకటి మోస్తూ ఆ బండ్లు ఇళ్లను నడుపుతున్నాయి. ఇప్పుడవి పన్నెండేళ్లవీ, పదిహేనేళ్లవీ అయ్యాయి. మనలాగే వాటికీ కీళ్లనొప్పులు మొదలయ్యాయి.

స్టీరింగు బరువుగా ఉందని తీసుకుపోతే, బానెట్ ఎత్తకముందే "బాక్సు పోయింది, మార్చాలి" అనే మెకానిక్కులు ఉన్నారు. "ముందు పంపు మార్చి చూద్దాం, తగ్గకపోతే బాక్సు చూద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. ఆ చూద్దాం, చూద్దాంలో నెల పెన్షను కరిగిపోతుంది. బండి ఆగిన రోజుల కిరాయి కూడా పోతుంది. కాబట్టి ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊహ మీద పార్టు మార్చవద్దు. ఖర్చులేని పరీక్ష ముందు చేయండి, ఖర్చయ్యే పరీక్ష తరువాత చేయించండి, పార్టు మార్చడం అన్నిటికంటె చివర.

మన చేతులా, బండా?

మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన బస్సులకు పవర్ స్టీరింగు లేదు. డ్రైవరు సోదరులు భుజబలంతోనే బస్టాండులో బస్సు తిప్పేవారు. ఈ పరికరం మాత్రం పాతదే. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1926లోనే దీన్ని ఒక కారుకు అమర్చి నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదట 1951లో క్రిస్లర్ కంపెనీ పెట్టింది. మన చిన్న బండ్లలోకి అది చాలా ఆలస్యంగా వచ్చింది.

అలవాటైన తరువాత ఇందులో ఒక చిక్కు ఉంది. స్టీరింగు ఒక్కరోజులో బరువెక్కదు. నెలనెలా కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. అరవై దాటినవాడు బండి తోలుతుంటే "వయసైంది, భుజం పట్టేసింది" అనుకుని ఊరుకుంటాడు. ఈ అనుమానం తీర్చడానికి ఒక చిన్న ఉపాయం చెబుతాను. మనం తూకానికి వాడే స్ప్రింగు త్రాసు ఒకటి తీసుకోండి. చదునైన నేల మీద బండి ఆపి, ఇంజను స్లోలో ఉంచి, త్రాసు కొక్కాన్ని స్టీరింగు అంచుకు తగిలించి, అంచు తిరిగే దిక్కుకే మెల్లగా లాగండి. స్టీరింగు కదులుతున్నప్పుడు ముల్లు ఎన్ని కిలోలు చూపిస్తే అంత కాగితం మీద రాసుకోండి. కుడికి ఎంత, ఎడమకు ఎంత, వేరువేరుగా రాయండి. రెండు మూడు నెలలకొకసారి అదే చోట మళ్లీ చూడండి. అంకె పెరిగితే లోపం బండిది. పెరగకపోతే భుజాన్ని డాక్టరుకు చూపించండి.

లోపల జరిగేది

ఇంజను తిరుగుతున్నప్పుడు ఒక బెల్టు చిన్న పంపును తిప్పుతుంది. ఆ పంపు డబ్బాలోని ఆయిలును పీల్చుకుని ఒత్తిడితో స్టీరింగు బాక్సుకు పంపుతుంది. మనం స్టీరింగు తిప్పగానే బాక్సులోని వాల్వు ఆ ఆయిలును కుడికో ఎడమకో మళ్లిస్తుంది. ఆ తోపుడే మనకు సాయం. పని అయిన ఆయిలు ఇంకో పైపు గుండా డబ్బాకు తిరిగి వస్తుంది. కొన్ని బండ్లలో బాక్సు బదులు ర్యాక్ ఉంటుంది, సూత్రం అదే. ఈమధ్య వచ్చే చాలా బండ్లలో ఆయిలుకు బదులు ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది. వాటి సంగతి వేరు. నేను చెప్పేది ఆయిలుతో పనిచేసే పాత బండ్ల గురించి.

టైరులో మనం కొట్టించే గాలి 30, 40 పౌండ్లు. స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడు పంపు నుంచి వచ్చే పైపులో వెయ్యి పౌండ్లు దాటి ఒత్తిడి ఉంటుంది. అందుకే రెండు జాగ్రత్తలు. స్టీరింగును పూర్తిగా తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు, పంపు వేడెక్కి పాడవుతుంది. ఇంజను తిరుగుతుండగా ఆ పైపు కారుతున్నదేమోనని వేలు పెట్టి తడమవద్దు. సన్నని ధార చర్మంలోకి దిగిపోగలదు. ఒక అట్టముక్క అడ్డంపెట్టి చూడండి.

బండిని అడగవలసిన మూడు ప్రశ్నలు

వైద్యుడు మందు రాసే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. మనం మూడు అడిగితే చాలు.

మొదటిది, ఎప్పుడు బరువు? బండి ఆగి, ఇంజను స్లోలో ఉన్నప్పుడు బరువుగా ఉండి, రేసు పెంచితే తేలికైతే అనుమానం బెల్టు మీద, ఆయిలు తక్కువ కావడం మీద, పంపు నీరసించడం మీద. పొద్దున్నే బరువుగా ఉండి, బండి వేడెక్కాక తేలికైతే లోపలి సీళ్లు అరిగాయేమో, ఆయిలు పాతబడిందేమో చూడాలి. అన్ని వేళలా బరువుగా ఉండి, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రాకపోతే జాయింట్లు, గ్రీజు, ఎలైన్‌మెంటు చూడాలి.

రెండవది, ఎటువైపు బరువు? రెండువైపులా అయితే పంపు, బెల్టు, టైర్ల దగ్గర మొదలుపెట్టండి. ఒక్క వైపే అయితే పంపును అనుమానించే పనిలేదు. పంపు కుడికీ ఎడమకూ ఒక్కటే కదా! అప్పుడు చూడవలసింది బాక్సులోని వాల్వు, సీళ్లు. ఈ ఒక్క ప్రశ్న అడిగితే అనవసరంగా పంపు కొనే ఖర్చు తప్పుతుంది.

మూడవది, ఏ శబ్దం? చివరిదాకా తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు జారుతున్నది. తిప్పినంతసేపూ మూలుగుతుంటే ఆయిలు తగ్గింది, లేదా గాలి చేరింది. గుంటల్లో టకటకమంటే జాయింట్లు వదులయ్యాయి, లేదా బాక్సు బోల్టులు వదులయ్యాయి. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే సన్నగా బుస్సుమంటే అది సహజమే.

ఇంటి ముందు చేసుకోదగిన పరీక్షలు

వీటిని ఈ వరుసలోనే చేయండి.

1. టైరు గాలి. ముందు టైర్లలో గాలి తక్కువైతే ఎంత మంచి పవర్ స్టీరింగైనా బరువే. కంపెనీ చెప్పిన కొలత ప్రకారం గాలి కొట్టించి మళ్లీ చూడండి. టైర్లు మారిస్తే పాత సైజే వేశారా, కంటికి బాగుందని వెడల్పువి వేశారా అన్నదీ చూడండి.

2. ఆయిలు. డబ్బా మీద గీతలు ఉంటాయి, లేదా మూతకు పుల్ల ఉంటుంది. ఎంత ఉన్నదన్నదే కాదు, ఎలా ఉన్నదన్నదీ ముఖ్యం. నురుగు కట్టినా, పాలు కలిసినట్లు ఉన్నా గాలో నీరో చేరింది. నల్లబడి మాడువాసన వస్తే మార్చే కాలం దాటింది. బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. చేతికి దొరికిందని బ్రేకు ఆయిలు మాత్రం ఎన్నడూ పోయవద్దు, సీళ్లు ఉబ్బి పనికిరాకుండా పోతాయి.

3. బెల్టు. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకనే చేయి పెట్టండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అసలు కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పగుళ్లున్నా, ఆయిలు తగిలి తడిసినా మార్చండి. ఈ వరుసలో అన్నిటికంటె చవకైన పార్టు ఇదే.

4. కారుడు. పైపులు, పంపు, బాక్సు గుడ్డతో శుభ్రంగా తుడిచి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి రాత్రంతా ఉంచండి. మచ్చ ఏ భాగం కింద పడిందో చూడండి. చాలా బండ్లలో స్టీరింగు ఆయిలు ఎర్రగా ఉంటుంది, ఇంజను ఆయిలు నల్లగా ఉంటుంది. ఆయిలు తరిగిపోతున్నదంటే ఎక్కడో కారుతున్నట్లే. రోజూ పోసుకుంటూ పోవడం వైద్యం కాదు. కారుడు ఆపుతుందని అమ్మే మందు సీసాలను నమ్మి పైపు మార్చడం వాయిదా వేయవద్దు.

5. ఆట. ఇంజను స్లోలో పెట్టి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు స్టీరింగును కొంచెం కుడికి, కొంచెం ఎడమకు కదపాలి. ఇంకొకరు బండి పక్కన కూర్చుని ప్రతి జాయింటునూ చూడాలి. బెల్టు, ఫ్యాను దగ్గరకు చేయి పోనివ్వకూడదు. స్టీరింగు కదిలినా చక్రం కదలకపోతే మధ్యలో ఏ జాయింటు దగ్గర కదలిక ఆగిపోతున్నదో అదే దొంగ.

పైపు మార్చినా, ఆయిలు మార్చినా లోపలి గాలి తీయాలి. ముందు చక్రాలు ఎత్తి, స్టాండ్లు పెట్టి, ఇంజను ఆపే ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేను ఇరవైసార్లు మెల్లగా తిప్పాలి. మధ్యమధ్య ఆయిలు పోస్తుండాలి. తరువాతనే స్టార్టు చేయాలి. ఈ పని తొందరగా ముగించిన బండ్లే మూలుగుతూ తిరిగి వర్క్‌షాపుకు వస్తాయి.

బాక్సు మార్చమన్నప్పుడు

ఇవన్నీ చూశాక కూడా బరువు తగ్గకపోతే మెకానిక్ చేత రెండు పరీక్షలు చేయించండి.

ఒకటి, ముందు చక్రాలు గాలిలోకి ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి తిప్పించడం. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ కిందకు దూరకూడదు. గాలిలో కూడా స్టీరింగు పట్టేస్తుంటే బాక్సు నుంచి చక్రాలకు పోయే రాడ్డు విప్పించండి. అప్పుడు స్టీరింగు తేలికైతే లోపం చక్రాల వైపు, అంటే కింగ్ పిన్నులో, బాల్ జాయింట్లో, రాడ్డు ఎండులో. గ్రీజు పెట్టడంతోనే బాగుపడవచ్చు. రాడ్డు విప్పినా బరువుగానే ఉంటే లోపం బాక్సులోనో, స్టీరింగు కాలమ్‌లోనో ఉంది.

ఈమధ్య ఒక మిత్రుడి బండికి పంపు మార్చారు, అయినా తగ్గలేదు. ఆ తరువాత బాక్సు మార్చాలన్నారు. మేము చక్రాలెత్తి, రాడ్డు విప్పి చూస్తే బరువు అలాగే ఉంది. కాలమ్‌ను బాక్సు నుంచి విడదీసి చూశాం. బాక్సు సులువుగా తిరిగింది. పట్టేసింది కాలమ్ చివర ఉన్న చిన్న క్రాసు జాయింటు. వానలకు, బురదకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని మార్చగానే బండి దారికి వచ్చింది. అప్పటికే కొత్త పంపుకు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

రెండవది, ప్రెషర్ గేజీ పరీక్ష. పంపుకు, బాక్సుకు మధ్య వాల్వు ఉన్న గేజీ బిగిస్తారు. వాల్వును ఐదు సెకన్లలోపే మూసి తెరుస్తారు. అప్పుడు కంపెనీ చెప్పిన ఒత్తిడి వస్తే పంపు మంచిదే. రాకపోతే పంపుదే లోపం. తరువాత వాల్వు తెరిచి ఉంచి స్టీరింగును చివరిదాకా తిప్పుతారు. అంతకుముందు వచ్చిన ఒత్తిడి ఇప్పుడు రాకపోతే ఆయిలు బాక్సు లోపలే జారిపోతున్నట్లు. అప్పుడు బాక్సు మార్చమంటే అర్థం ఉంది. "గేజీ పెట్టి చూశావా నాయనా?" అని మర్యాదగా ఒక్కమాట అడగండి. పని తెలిసిన మెకానిక్ ఆ మాటకు కోపం తెచ్చుకోడు.

ప్రాణం మీదికి వచ్చే సంగతులు

బరువు స్టీరింగు చేతులను నొప్పిస్తుంది. ఆట ఉన్న స్టీరింగు ప్రాణం తీస్తుంది. ఆయిలు సాయం పోయినా స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప సంబంధం ఉంటుంది, బరువుగానైనా తిరుగుతుంది. రాడ్డు ఎండు ఊడితే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ఆట కనిపించిన బండిని ఆ రోజే ఆపండి. కిరాయి ఒప్పుకున్నాం, రేపు చూద్దాం అనవద్దు.

పరుగులో ఉండగా హఠాత్తుగా బరువెక్కితే బెల్టు తెగిందనో, పైపు పగిలిందనో అనుకోండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకు ఆపండి. కొన్ని బండ్లలో ఆ బెల్టే నీటి పంపును కూడా తిప్పుతుంది. అలాంటి బండిని అలాగే నడిపితే ఇంజను కూడా పోతుంది.

ఇక డీజిలు మిగులుతుందని శ్రీశైలం ఘాటు లాంటి దిగుడులో ఇంజను ఆపి బండి వదిలే అలవాటు మన పిల్లల్లో కొందరికి ఉంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకుకు వచ్చే సాయం కూడా రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. మిగిలేది గ్లాసెడు డీజిలు. పోయేది ఏమిటో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సోదరులారా, పిల్లలకు బండి కొనిచ్చినవాళ్లం, ఈ నాలుగు మాటలు కూడా చెప్పిపెడదాం. ఈ సంచిక ఇంటికి వచ్చాక ఈ పేజీ చించి బండి డాష్‌బోర్డులో పెట్టించండి. నెలకొకసారి ఒక ఆదివారం ఉదయం, పది నిమిషాలు, గాలి, ఆయిలు, బెల్టు, కారుడు, ఆట చూడమనండి. పక్కన కుర్చీ వేసుకుని మీరూ కూర్చోండి. అనుభవం ఉన్నవాడి కన్ను తోడుంటే బండికీ మంచిది, కుర్రవాడికీ మంచిది.