మాత్ర పేరు అడుగుదాం, మూత్రపిండాలు కాపాడుకుందాం

(షోలాపురంలో సాంచా కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మజూరీ గురించి కాదు, మన జేబులో ఉన్న మందు పొట్లం గురించి మాట్లాడదలిచాం.

సాంచాల దగ్గర గంటల తరబడి నిలబడతాం. మోకాళ్ళు పట్టేస్తాయి. దూది నుసి ఛాతీలో చేరి ఆయాసం వస్తుంది. ఒక రోజు నాగా అయితే ఆ రోజు కూలి పోతుంది. అందుకే పేరు లేని పొట్లం కొని, రెండు మాత్రలు మింగి, మళ్ళీ పనిలో దిగుతాం. మనలో ఒక అన్న ఇట్లాగే నెలల తరబడి మింగాడు. కాళ్ళు, ముఖం ఉబ్బాక గాని పరీక్షకు పోలేదు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఏ మందులు వాడావని డాక్టరు అడిగితే ఆయన చెప్పలేకపోయాడు.

అప్పటినుంచి "స్టెరాయిడ్ తింటే కిడ్నీలు పోతాయి" అన్న మాట బస్తీలో పాకింది. భయపడి కొందరు డాక్టరు రాసిన మందు కూడా మానేస్తున్నారు. ఇది సరికాదు.

ఆయాసం ముదిరినప్పుడు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను డాక్టర్లు సాధారణంగా 5 నుంచి 7 రోజులు ఇస్తారు. బాగున్న మూత్రపిండాలను ఆ కొద్ది రోజుల మందు మామూలుగా పాడుచేయదు. ఒంట్లో ఉప్పు, నీరు నిలవడం వల్ల ముఖం ఉబ్బవచ్చు, బీపీ పెరగవచ్చు. షుగరూ పెరగవచ్చు. ఒంట్లోని మాంసకృత్తులు ఎక్కువగా కరగడం వల్ల రక్తంలో యూరియా కూడా పెరగవచ్చు. కాబట్టి యూరియా ఒక్కటే చూసి బెదరకుండా క్రియాటినిన్ ఎంతుందో డాక్టరును అడగాలి. పిల్లలకు ఒళ్ళు వాచి, మూత్రంలో ప్రోటీన్ పోయే నెఫ్రోటిక్ జబ్బుకైతే ఈ స్టెరాయిడే ముఖ్యమైన వైద్యం.

మరి పొట్లంలో ప్రమాదం ఎక్కడుంది? పక్కనున్న నొప్పి మాత్రలో ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గించగలవు. షెడ్డు వేడికి చెమటోడ్చి, నీళ్ళు తాగక, రోజూ వీటిని మింగితే ముప్పు ఎక్కువ. స్టెరాయిడ్, నొప్పి మాత్ర రెండూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. ఇక స్టెరాయిడ్‌నే నెలల తరబడి సొంతంగా వాడితే షుగర్, బీపీ ముదురుతాయి. ఆ రెండే చివరకు మూత్రపిండాలను తింటాయి.

కనుక మనం చేయవలసినవి:

1. పేరు లేని పొట్లం ముట్టవద్దు. చీటీ, బిల్లు అడిగి దాచుకోవాలి.
2. షుగర్, బీపీ, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.
3. మూడు వారాలు దాటి స్టెరాయిడ్ వాడినవారు ఒక్కసారిగా ఆపరాదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.
4. మూత్రం తగ్గినా, కాళ్ళు వాచినా, మలం నల్లగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారు డిస్పెన్సరీకి పోండి. కార్డు లేనివారు యూనియన్ ఆఫీసుకు రండి, కలిసి అడుగుదాం. తాగే నీళ్ళు, షెడ్డులో గాలి, జబ్బు చేస్తే జీతంతో సెలవు మన హక్కులు. ఇవి లేనందునే మన అన్న ఆ పొట్లం కొన్నాడు. ఇంకొకరు కొనే పరిస్థితి రానీయకుండా పోరాడుదాం!