సంతకం లేని తండ్రి

(కన్నబిడ్డను దత్తతకు అప్పగించడంలో తండ్రి హక్కు, బాధ్యతల గురించి మహిళా కార్యకర్తల జిల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దత్తత గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నేను తల్లి గురించే మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఇన్నేళ్ళుగా నేను చేస్తూ వచ్చిందీ అదే. బిడ్డను వదులుకున్న స్త్రీలు చెప్పిన మాటలు నా దగ్గర కట్టలుగా ఉన్నాయి. ఆమె వయసు, కులం, చదువు, కూలి, కాన్పు ఎక్కడ అయింది, ఎవరు తోడు వచ్చారు, అన్నీ అడిగాను. ఈ మధ్య ఆ కాగితాలు మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి చూసి సిగ్గుపడ్డాను. ‘తండ్రి’ అన్నచోట చాలా కాగితాల్లో ఒక అడ్డగీత గీసి ఊరుకున్నాను. ఆస్పత్రి రిజిస్టరులో ఉండే అడ్డగీతే నా పరిశోధనలోకీ వచ్చి కూర్చుంది. ఇవాళ ఆ గీత గురించి మాట్లాడతాను.

చట్టం దృష్టిలో కన్నతండ్రులు రెండు రకాలు. పెళ్ళిలో ఉన్న తండ్రి సర్వస్వం. పెళ్ళి బయట ఉన్న తండ్రి శూన్యం.

మొదటివాడి సంగతి చూద్దాం. భర్త అనుమతి లేకుండా స్త్రీ బిడ్డను ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని వసిష్ఠ ధర్మసూత్రం చెప్పింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం దీన్ని కొంచెం సడలించిందే తప్ప తలకిందులు చేయలేదు. తండ్రి బతికి ఉంటే బిడ్డను దత్తత ఇచ్చే హక్కు అతనొక్కడిదే అంది. తల్లి సమ్మతి ఉండాలంది. అంటే ఇచ్చేవాడు అతను, ఒప్పుకునేది ఆమె. ఆ సమ్మతి ఎలా వస్తుందో మనకు తెలియనిది కాదు. బావగారికి పిల్లలు లేరని మూడోవాణ్ణి ఇచ్చేటప్పుడు అత్తగారు, భర్త, బావగారు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆఖరున వంటింట్లో ఉన్న ఆమెకు చెబుతారు. ఆమె మౌనమే సమ్మతి. ఇచ్చే హక్కు ఇద్దరికీ సమానమని, ఒకరి సమ్మతి లేకుండా ఇంకొకరు ఇవ్వరాదని చట్టాన్ని మార్చింది 2010లో. ఆ ఒక్క మాటకు 54 ఏళ్ళు పట్టింది.

ఇక రెండో తండ్రి. 2015 బాలల న్యాయ చట్టం కింద బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చి అప్పగింత పత్రం మీద సంతకం చేయాలి. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. దత్తత నిబంధనల ప్రకారం భార్యాభర్తల బిడ్డ అయితే ఇద్దరి సంతకాలూ కావాలి. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డను తల్లి మాత్రమే అప్పగించగలదు. తండ్రికి అందులో చోటు లేదు.

ఈ నిబంధనను నేను తప్పు పట్టడం లేదు. ఇది లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. మోసం చేసి పారిపోయినవాడిని వెతికి సంతకం తీసుకురమ్మని ఆమెను తిప్పుతారు. బలాత్కారం చేసినవాడి ఇష్టాయిష్టాలు కనుక్కోమంటారు. 2015లోనే సుప్రీంకోర్టు ముందుకు ఒక పెళ్ళికాని తల్లి కేసు వచ్చింది. బిడ్డను ఒంటరిగా పెంచుకుంటున్న ఆమె సంరక్షకత్వం కోరితే, తండ్రికి నోటీసు ఇవ్వాల్సిందేనని కింది కోర్టులు పట్టుబట్టాయి. అక్కర్లేదని, అతని పేరు చెప్పమని ఆమెను బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది మనం పోగొట్టుకోకూడని రక్షణ.

కానీ రక్షణ కోసం గీసిన గీత మగవాడికి సౌకర్యంగా మారిపోయింది. తండ్రి సంతకం అక్కర్లేదు కాబట్టి తండ్రి ఊసే అక్కర్లేదని మనవాళ్ళూ అనుకోవడం మొదలుపెట్టారు. బిడ్డను కన్నది ఇద్దరు. వదిలేసిందన్న మాట పడేది ఒక్కతే.

పెళ్ళయిన స్త్రీకి ఈ చిక్కు ఇంకోలా వస్తుంది. ఒక ఊళ్ళో ముగ్గురు ఆడపిల్లల తల్లి కలిసింది. నాలుగోసారి కడుపుతో ఉండగా భర్త పనికని పట్నం వెళ్ళి మళ్ళీ రాలేదు. బిడ్డను అప్పగించడానికి ఆమె ఒక్కతే వచ్చింది. అతని సంతకం లేదు. చనిపోయాడనే కాగితమూ లేదు. భార్యాభర్తల్లో ఒకరే వచ్చి రెండోవారి జాడ తెలియకపోతే ఆ బిడ్డను ‘వదిలివేయబడిన బిడ్డ’గా పరిగణించాలని నిబంధన. అంటే ఆ పిల్ల వివరాలతో పేపరులో ప్రకటన వస్తుంది. తల్లి ఎదురుగా కూర్చుని ఉంది. వదిలిపోయింది తండ్రి. ఆ మాట మాత్రం బిడ్డ కాగితాల్లోకి ఎక్కింది. “నేను వదల్లేదమ్మా, నడిచొచ్చి అప్పజెప్పాను” అని ఆమె నాతో మూడుసార్లు అంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో చేదు చరిత్ర ఉంది. 1999లో, మళ్ళీ 2001లో లంబాడా ఆడశిశువులను తండాల నుంచి కొని, హైదరాబాదులోని దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపుతున్నారన్న విషయం బయటపడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లు రోజూ పేపర్లలో కనిపించాయి. “బిడ్డల్ని అమ్ముకున్న తల్లులు” అన్న మాట అప్పుడే స్థిరపడింది. తర్వాత కొన్నేళ్ళకు పరిశోధన కోసం ఆ తండాల్లో తిరిగినప్పుడు ఒకామె చెప్పింది: “నేను బాలింతగా లోపల పండుకొని ఉన్న. బయట మాట్లాడుకున్నది వాళ్ళు.” వాళ్ళంటే భర్త, మామ, మధ్యవర్తి. బేరం చేసింది మగవాళ్ళు, వేలిముద్ర ఆమెది. ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం 2001లో పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డను అప్పగించడాన్ని నిషేధించింది. తండాల్లోకి కట్నం ఎలా వచ్చింది, భూమి ఎలా పోయింది, తండ్రి ఎందుకు లెక్క వేసుకున్నాడు అన్న ప్రశ్నలు నిషేధంతో తీరేవి కావు.

మరి కన్నతండ్రికి హక్కు ఉండాలా? అమెరికాలో దీని మీద చాలాకాలం వాదం నడిచింది. తల్లి చనిపోయాక పిల్లలను ప్రభుత్వం తీసుకుపోతే, పెళ్ళి చేసుకోకపోయినా వారితో కలిసి బతికిన తండ్రి మాట వినకుండా అలా చేయరాదని 1972లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1983లో ఇంకో కేసులో, బిడ్డతో ఏ అనుబంధమూ పెంచుకోని, తండ్రినని రిజిస్టరులో నమోదు కూడా చేసుకోని వ్యక్తికి దత్తత నోటీసు ఇవ్వనక్కర్లేదంది. అక్కడి పరిస్థితులు వేరు, మనవి వేరు. కానీ ఆ రెండు తీర్పుల మధ్య నుంచి మనం తీసుకోదగ్గ సూత్రం ఒకటుంది. హక్కు రక్తం వల్ల రాదు, మోసిన బాధ్యత వల్ల వస్తుంది.

దీన్ని మన పనిలోకి ఎలా తెచ్చుకోవాలి?

మొదటిది, సంతకానికి ముందు ఆమెకు మనోవర్తి గురించి చెప్పాలి. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు కూడా తండ్రి నుంచి మనోవర్తి వస్తుంది. ఇంతకాలం ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. “పెంచలేను” అనే స్త్రీకి “అతని చేత పెంచే ఖర్చు పెట్టించవచ్చు” అని చెప్పకుండా సంతకం తీసుకుంటే అది పూర్తి సమ్మతి కాదు. రెండోది, తల్లి మైనరు అయినా, బలాత్కారం జరిగినా ఆ మనిషి నిందితుడు, అతని అభిప్రాయంతో మనకు పని లేదు. మూడోది, మిగతా సందర్భాల్లో అతని ప్రస్తావన తేవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మనం అడగాలి, ఒత్తిడి చేయకూడదు. నాలుగోది, ఆ రెండు నెలల గడువులో ఆమెను ఒక్కసారైనా వెళ్ళి కలవాలి.

చివరగా ఒక అనుభవం. ఒక శిశుగృహలో కూర్చుని ఉండగా పెయింటింగ్ పని చేసుకునే కుర్రవాడు వచ్చాడు. చేతిలో చిన్న ఉన్నిటోపీ. బిడ్డను చూస్తానన్నాడు. “నువ్వేమవుతావు?” “తండ్రిని.” “పెళ్ళయిందా?” “లేదు మేడం.” “అయితే వెళ్ళు.” కులాలు వేరని అమ్మాయి ఇంట్లో కొట్టి, దూరపు ఊళ్ళో దాచి కాన్పు చేయించారు. ఆమె సంతకం పెట్టి నలభై రోజులైంది.

అమ్మాయి ఒప్పుకున్నాకే సమితి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టారు. పెళ్ళి చేసుకుందాం, బిడ్డను తెచ్చుకుందాం అన్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆర్నెల్లు ఎక్కడున్నావు?” అంది. వాళ్ళన్నయ్యలకు భయపడ్డానని ఒప్పుకున్నాడు. “నేనూ భయపడ్డాను. కానీ నాకు పారిపోయే వీలు లేదు” అంది. తన నిర్ణయం మార్చుకోలేదు. గడువు ముగిసింది.

ఆ కుర్రవాడి మీద నాకు జాలి కలిగింది. అయినా ఆఖరి మాట ఆమెదే కావడం సరైనదని ఇప్పటికీ అనుకుంటాను. అతని మాట వినడం వల్ల ఆమె హక్కు తగ్గలేదు. అన్నీ తెలిసి ఆమె తీసుకున్న నిర్ణయం అది. మొదటి సంతకం అలాంటిది కాదు.

ఇంకొకటి కూడా జరిగింది. ఇద్దరి ఇష్టంతో అతని పేరు, ఊరు బిడ్డ ఫైలులో రాశారు. పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలు వెతుక్కునే అవకాశం దత్తత నిబంధనల్లో ఉంది. రేపు ఆ పిల్ల వస్తే, తండ్రి అన్నచోట అడ్డగీత బదులు ఒక పేరు కనబడుతుంది.

మీ దగ్గరికి వచ్చే ప్రతి కాగితంలోనూ ఆ గడి ఉంటుంది. గీత గీసే ముందు ఒక్కసారి ఆగి, ఆమెను అడగండి.