ఈసారి తప్పు దానిదే



ఆమధ్య మా అమ్మాయి లెక్కల హోంవర్కు 10 నిమిషాల్లో ముగించింది. అన్నీ రైటే. ఒక లెక్క చూపించి "ఇదెలా చేశావమ్మా?" అంటే నేలచూపులు చూసింది. చాట్‌జీపీటీ చేసిపెట్టిందట. కోప్పడదామనుకున్నాను గానీ, ఆఫీసులో నేను చేసేదీ అదేగా!

న్యూయార్క్ నగరం 2023 జనవరిలో బడుల కంప్యూటర్లలో దీన్ని అడ్డుకుని, మే నెలలో ఆ అడ్డు తీసేసింది. ఆపడం మనవల్ల అయ్యేది కాదనే నా అభిప్రాయం కూడా.

పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు సాధన లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు అది లేకుండా చదివిన వాళ్ళకన్నా 17 శాతం వెనకబడ్డారు! జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే బాట్ వాడినవాళ్ళకి ఆ నష్టం దాదాపు కనబడలేదు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ముందు కాగితం, పెన్సిలు. ఆ తరవాతే "జవాబు చెప్పకు, నేనెక్కడ తప్పానో చెప్పు" అని దాన్ని అడగాలి. మొదటిరోజు ఒక్క లెక్కకే 40 నిమిషాలు పట్టింది. ఎంత విసుక్కుందో!

నిన్న రాత్రి మాత్రం కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, ఈసారి తప్పు దానిదే, చూడు!"