ఠాణాలో మొదటి ప్రశ్న
(సంఘ సభలో చేయబడిన ప్రసంగము)



1972 మార్చి నెలలో మహారాష్ట్రమందలి దేశాయిగంజ్ పోలీసు ఠాణాకు ఒక ఆదివాసి బాలిక ఏదో ఫిర్యాదు విషయమై పిలిపింపబడినది. తనవారు బయట వేచియుండగా లోపల ఆమెపై అత్యాచారము జరిగినదని అభియోగము. ముద్దాయిలు ఇరువురును పోలీసులే. బొంబాయి హైకోర్టు విధించిన శిక్షను 1978లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. బాలిక దేహముపై గాయములు లేకపోవుట ఆ తీర్పునకు ముఖ్యాధారములలో ఒకటి. మరుసటి యేడు ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్ మున్నగు నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసిరి. 1983లో చట్టము మారినది. తెలుగునాటను అట్టి మచ్చ లేకపోలేదు. అదే 1978లో హైదరాబాదు ఠాణా ఉదంతమొకటి జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘము వరకు పోయినది.

ఢిల్లీ ఘోరము తరువాత జస్టిస్ వర్మ సంఘము నివేదికపై 2013లో చట్టము మరల సవరింపబడినది. ప్రతిఘటింపనంత మాత్రమున సమ్మతించినట్లు కాదని అందు స్పష్టముగా వ్రాయబడినది. ఫిర్యాదు నమోదు చేయని ఉద్యోగికి కనీసము ఆరు నెలల కఠిన శిక్ష ఏర్పడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నూతన స్మృతి ప్రకారము నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైన ఫిర్యాదు ఇయ్యవచ్చును. బాధితురాలి వాఙ్మూలమును ఆమె యింటనో, ఆమె కోరిన చోటనో, సాధ్యమైనంతవరకు మహిళాధికారి నమోదు చేయవలెను.

చట్టము ఇంతగా మారినను, "ఏల అరవలేదు?" అను ప్రశ్న ఠాణాలనుండి తొలగినదా? ఉత్తర్వు పంపుటతో పని ముగిసినదనుకొనుట కార్యాలయములలో అలవాటు. ఈ సభలోని వారికి దానిని వేరుగా చెప్పనక్కరలేదు. ప్రశ్నించు పద్ధతి ఉత్తర్వుతో రాదు, అభ్యాసముతో వచ్చును. భయమున కొందరి దేహము కొయ్యబారిపోవును, నోరు పెగలదు. జరిగినది వరుసగా జ్ఞప్తికి రాదు. ఒక శబ్దమో, ఒక వాసనయో ముందు వచ్చును, కాలక్రమము పిమ్మట. ఇది తెలియని దర్యాప్తుదారు ఆ తడబాటును అబద్ధమని వ్రాయును. తెలిసినవాడు "అమ్మా, నీకు జ్ఞాపకమున్నంతవరకు చెప్పుము" అని ఊరకుండును. ఆ ఊరకుండుటయే నేర్చుకొనుటకు మిక్కిలి కష్టమైన విద్య. మధ్యలో తన మాటలు ఆమె నోట పెట్టినచో, కోర్టులో ఎదుటి వకీలు మొదట పట్టుకొనునది వానినే.

సాక్ష్యము సంగతియు అట్టిదే. స్నానము చేయకముందే వైద్యపరీక్ష జరుగుట మేలని ఆమెకు మృదువుగా చెప్పవలెను. చేసియున్నను పరీక్ష మానరాదు. తడిసిన వస్త్రములను నీడన ఆరబెట్టి, ఒక్కొక్కదానిని వేరు వేరు కాగితపు సంచులలో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో తడికి బూజు పట్టి సాక్ష్యము చెడును. సీలు వేసినదెవరు, ఎవరి చేతికి ఎప్పుడు పోయినదను లెక్క తెగరాదు. రెండువేళ్ల పరీక్ష జరుపువారు దుష్ప్రవర్తన దోషులగుదురని 2022లో సుప్రీంకోర్టు శాసించినది. డాక్టరుకు లేఖ వ్రాయు పోలీసుకును ఇది తెలిసియుండవలెను.

హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందువారు ఐ.పి.ఎస్. అధికారులు. కాని రాత్రి పదకొండు గంటలకు ఠాణా మెట్లెక్కిన స్త్రీకి ఎదురగువాడు పహరా కానిస్టేబులు; ఆమె మాటను కాగితముపై పెట్టువాడు స్టేషను రైటరు. "రేపు రమ్మా" అని వారు అన్నచో, పై అధికారి నేర్చిన విద్య ఆమె వరకు చేరదు, ఆ రాత్రి సాక్ష్యము తెల్లవారుసరికి పోవును. శిక్షణ ఆ ఇద్దరితో ఆరంభము కావలెను. నేర్చిన మహిళా కానిస్టేబులుకు బదిలీ అయిన దినమున, ఆమె స్థానమునకు వచ్చినవారికి రికార్డులతోపాటు ఈ పనియు చూపించి అప్పగింపబడవలెను.