ప్రసవ వేదన – స్వయం సమ్మోహనము

కాన్పు స్త్రీకి పునర్జన్మ యని మన యిండ్లలో తరతరములుగా చెప్పుకొను మాట. తల్లి పడు కష్టమును గౌరవించుటకు పుట్టిన మాట యిది. కాని తొలిచూలుతో పుట్టింటికి వచ్చిన పిల్ల చెవిని పడునపుడు ఇదియే భయముగా మారును. చూడవచ్చిన ప్రతి ముత్తైదువయు తన కాన్పు కథయో, తోడికోడలి కాన్పు కథయో చెప్పి పోవును. వానిలో సుఖముగా జరిగినవి తక్కువ. నెలలు నిండునాటికి ఆ పిల్ల నొప్పులకంటె ముందుగా నొప్పుల భయమును మోయుచుండును. ఆ భయమును తగ్గించుకొనుటకును, నొప్పి వచ్చినపుడు తట్టుకొనుటకును స్త్రీ తానుగా నేర్చుకొనదగిన సాధన యొకటి గలదు. దానిని స్వయం సమ్మోహనము అందురు. అది ఎంతవరకు పనికి వచ్చును, ఎక్కడ పనికి రాదు అను రెండు విషయములను నేడు మనము విచారింతము.

సమ్మోహనము, లేక హిప్నాటిజము, అనగానే రంగస్థలముపై గారడీవాడు ఒకరిని నిద్రపుచ్చి చిత్రవిచిత్రముగా ఆడించుట మనకు జ్ఞాపకము వచ్చును. వైద్యులు వాడునది అది కాదు. అది నిద్ర కాదు, మూర్ఛ కాదు. పరులకు వశమగుట అంతకన్నను కాదు. మనస్సు ఒక్క విషయమునందు లగ్నమై, తక్కినవి దూరముగా తొలగిపోవు స్థితి యది. రేడియో నాటకము వినుచు పొయ్యిమీద పాలు పొంగుట గమనింపని గృహిణియు, ఆటలో మునిగి మోకాలు చెక్కుకొనిపోయినను ఇల్లు చేరువరకు ఎరుగని పిల్లవాడును ఆ స్థితికి సమీపముననే యున్నారు. అట్టి ఏకాగ్రతను కోరినపుడు తెచ్చుకొని, ఆ సమయమున మనస్సునకు మేలైన సూచనలు ఇచ్చుకొనుటయే స్వయం సమ్మోహనము.

నొప్పిని అణచుటకు ఈ విద్యను వాడిన చరిత్రలో మన దేశమునకును స్థానము కలదు. స్కాట్లండునుండి వచ్చిన జేమ్స్ ఎస్డెయిల్ అను శస్త్రవైద్యుడు 1845లో వంగదేశమందలి హుగ్లీలో ఒక ఖైదీకి మెస్మరిజము సాయముతో శస్త్రచికిత్స చేసెను. మత్తుమందులు ఇంకను రాని కాలమది. 1846లో కలకత్తాలో ఆయన పద్ధతికై ప్రత్యేకముగా ఒక ఆసుపత్రి వెలసెను. ఆ యేడే అమెరికాలో ఈథరు, మరుసటి యేడు స్కాట్లండులో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చుటతో, గంటల తరబడి పట్టు ఈ పద్ధతి వెనుకబడెను. మాంచెస్టరులో వైద్యము చేయుచుండిన జేమ్స్ బ్రెయిడ్ 1843లో వెలువరించిన గ్రంథములో, వైద్యుని చేతినుండి ఏ అదృశ్యశక్తియు ప్రవహింపదనియు, రోగి ఏకాగ్రతయే దీనికి మూలమనియు వాదించెను. మరుసటి యేడు తనకు వాతపు నొప్పులు వచ్చినపుడు తన్ను తానే సమ్మోహనపరచుకొని ఉపశమనము పొందినట్లు ఆయన వ్రాసియున్నాడు.

ప్రసవము విషయమున భయమునకు గల పాత్రను గట్టిగా చెప్పినవాడు ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్. 1933లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒక గొలుసును చూపెను. భయపడిన శరీరము బిగుసుకొనును. బిగుసుకొనిన శరీరమునకు నొప్పి హెచ్చును. హెచ్చిన నొప్పి మరల భయమును పెంచును. ఈ గొలుసును ఎచటనో ఒకచోట త్రెంపవలెనని ఆయన బోధ. భయము పోయినచో నొప్పియే ఉండదని కొందరు దీనిని సాగదీసిరి. అది సత్యము కాదు. గర్భాశయము ముడుచుకొనుటయు, ద్వారము విప్పారుటయు నిజమైన నొప్పిని కలిగించును. అది స్త్రీ ఊహించుకొన్నది కాదు.

మరి మనస్సు చేయగలిగినదేమి? కెనడాలోని మాంట్రియల్ నగరమున పరిశోధకులు 1997లో ప్రకటించిన ఒక ప్రయోగము దీనికి చక్కని సమాధానమిచ్చుచున్నది. కొందరి చేతులను బాధ కలిగించునంత వేడినీటిలో నుంచి, సమ్మోహన స్థితిలో ఆ బాధ యొక్క దుస్సహత్వము తగ్గినదని ఒకసారి, హెచ్చినదని ఒకసారి సూచించిరి. మెదడులో వేడిని, తాకిడిని గుర్తించు భాగము అట్లే పనిచేయుచుండెను. బాధను బాధగా అనుభవించుటలో పాల్గొను భాగము మాత్రము సూచనను బట్టి మారెను. అనగా నొప్పి యుండియు, దాని కాటు తగ్గుట సాధ్యమే.

సాధన నారంభించుటకు ఏడవ నెల అనువైన కాలము. దినమునకు ఇరువది నిమిషములు చాలును. సందడి లేని గదిలో దిండ్లకు చేరగిలిగాని, ఎడమప్రక్కకు ఒత్తిగిలిగాని పరుండవలెను. నెలలు నిండుకొలది వెల్లకిల పరుండుట మంచిది కాదు. గోడమీద నొక గురుతును కొంతసేపు చూచుచుండగా రెప్పలు బరువెక్కును. అపుడు కన్నులు మూసికొనవలెను. పీల్చు శ్వాసకంటె విడుచు శ్వాస నిదానముగా నుండవలెను. విడిచిన ప్రతి శ్వాసతోను నుదురు, దవడలు, భుజములు, అరచేతులు, తొడలు వరుసగా వదులు చేయవలెను. పిమ్మట కోనేటి మెట్లు దిగుచున్నట్లు భావించి పదినుండి ఒకటివరకు లెక్కింపవలెను. అడుగుమెట్టున కూర్చుండి చేతిని చల్లని నీటిలో నుంచినట్లును, అది క్రమముగా మొద్దుబారుచున్నట్లును తలంపవలెను. ఆ చేతిని పొట్టపై నుంచి, ఆ తిమ్మిరి అచటికి ప్రాకుచున్నట్లు భావింపవలెను. ముగించునపుడు ఒకటినుండి అయిదువరకు లెక్కించి కన్నులు తెరవవలెను. మొదట ఈ విద్య తెలిసిన వైద్యులయొద్దగాని, శిక్షణ పొందిన నర్సుయొద్దగాని నేర్చుకొనుట మేలు.

నొప్పులనాడు ఈ అలవాటే అక్కరకు వచ్చును. నొప్పి అలవలె లేచి, శిఖరము చేరి, ఇంచుమించు ఒక నిమిషములో దిగిపోవును. లేచుచుండగా నిదానముగా శ్వాస విడుచుచు దవడలు, అరచేతులు వదలివేయుట; దిగిన వెనుక రాబోవు దానిని తలపక విశ్రమించుట, ఇవి రెండును ముఖ్యము. ప్రక్కనున్న తల్లియో, భర్తయో భుజముపై చేయి వేసి మెల్లగా లెక్కించిన చాలును.

ఫలితమును గూర్చి పరీక్షలు చెప్పునదానిని ఉన్నదున్నట్లు చెప్పుట మా ధర్మము. డెన్మార్కులోని ఆర్హుస్ నగరమున 1222 మంది తొలిచూలు స్త్రీలతో జరిపిన పరీక్షలో, మూడు పాఠములు నేర్చినవారికిని, నేర్వనివారికిని నొప్పిలోగాని, ఎపిడ్యూరల్ సూదిమందు వాడుకలోగాని భేదము కనబడలేదు. కాని ఆరు వారముల తరువాత అడుగగా, నేర్చినవారు తమ కాన్పును కొంత మెరుగైన అనుభవముగా చెప్పిరి. ఇంగ్లండులో 680 మందితో జరిపి 2015లో ప్రకటించిన పరీక్షయు ఎపిడ్యూరల్ తగ్గలేదనియే తేల్చినది. అయితే కాన్పు తాము భయపడినంతగా లేదన్నవారు నేర్చినవారిలో హెచ్చు. మొత్తము 2954 మంది పాల్గొనిన తొమ్మిది పరీక్షలను 2016లో సమీక్షించినవారు, నొప్పి మందుల వాడుక మొత్తముమీద తగ్గవచ్చుననియు, ఎపిడ్యూరల్ మాత్రము తగ్గినట్లు లేదనియు చెప్పిరి. కనుక ఈ సాధన భయమునకు మంచి విరుగుడు. నొప్పికి కొందరియందు మాత్రమే మందు.

కాన్పుతో దీని ప్రయోజనము ముగియదు. బిడ్డకు పాలిచ్చునపుడు గర్భాశయము ముడుచుకొను నొప్పికి, కుట్ల సలుపునకు, సిజేరియన్ గాయముతో తొలిసారి లేచి నడచునపుడు ఇదే శ్వాస, ఇదే ఏకాగ్రత తోడ్పడును. అమెరికాలో 241 మంది రోగులతో జరిపి 2000లో ప్రకటించిన ఒక పరీక్షలో, మెలకువగా నుండగనే రక్తనాళములకు, మూత్రపిండములకు చికిత్స చేయించుకొనువారు స్వయం సమ్మోహనముచే తక్కువ నొప్పితో, తక్కువ మందుతో గట్టెక్కిరి.

ఒక హెచ్చరిక. కారణము తెలియని నొప్పిని ఈ విధముగా అణచరాదు. రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట, నెలలు నిండకయే ఉమ్మనీరు పోవుట, ఇవి వెంటనే ఆసుపత్రికి పోవలసిన సంకేతములు. తీవ్రమైన మానసిక వ్యాధి కలవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ సాధనకు పూనుకొనరాదు. పొయ్యి దగ్గర, వాహనము నడుపునపుడు దీనిని చేయరాదు.

ఇక పెద్దలకొక మనవి. ఇంత సాధన చేసిన స్త్రీయు నొప్పులనాడు కేక వేయవచ్చును, సూదిమందు కోరవచ్చును. అది ఆమె ఓటమి కాదు. నేర్చుకొంటివి గదా, ఇంకను ఏడ్చెదవేమి యని గద్దించినచో సాయమునకు నేర్పిన విద్య శిక్షగా మారును. 2017లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన లక్ష్య కార్యక్రమము సయితము ప్రసవపు గదిలో తల్లికి గౌరవము, ఆమె కోరిన తోడు ఉండవలెనని చెప్పినది. ఆ గౌరవము మన యింటి వసారాలోనే మొదలు కావచ్చును. చూలాలిని చూడబోవునపుడు భయపు కథ నొకదానిని తగ్గించుకొని, ఆమె ఇరువది నిమిషములు నిశ్చింతగా కన్నులు మూసికొనుటకు ఆ పూట ఇంటి పని నెవరైనను అందుకొనిన, అది చాలును.