బట్టమేక పిట్ట, గాలిమరలు, మన బీళ్లు
(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకునే చోట పిట్టల సంగతేంటని పొద్దున టీ దగ్గర కొందరు నవ్వారు. నవ్వండి, తప్పులేదు. ఒకప్పుడు మేమూ నవ్వినవాళ్లమే. కానీ ఈమధ్య గాలిమరల కోసం భూములు చూసేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. ముందుగా వాళ్లు అడిగేది గుట్ట మీది భూమి, బీడు భూమి, పోరంబోకు. పిట్టలు బతికేదీ అక్కడే, మన గొర్రెలు మేసేదీ అక్కడే. అందుకే ఈ మాట.

మిడుతూరు, నందికొట్కూరు వైపు వాళ్లకు రోళ్లపాడు తెలుసు. బట్టమేక పిట్ట కోసమని 1988లో 614 హెక్టార్లలో అక్కడ అభయారణ్యం పెట్టారు. బట్టమేక అంటే చిన్న పిట్ట కాదు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. చెట్టెక్కదు, గూడు కట్టదు. బోడి నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతల్ని, పురుగుల్ని ఏరుకు తింటుంది. మన పెద్దవాళ్లు దున్నుతుంటే సాళ్లకు అవతల నిలబడి చూసేదట.

ఆ పిట్ట అక్కడ కనబడకుండా పోవడానికి గాలిమరలు కారణం కాదు. ఇది ముందే ఒప్పుకోవాలి. అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలువ నీళ్లు వచ్చాయి, బీళ్లు మాగాణి అయ్యాయి, మందుల వాడకం పెరిగింది. నీళ్లు వద్దని ఏ రైతు అంటాడు? మేమూ అనలేదు. పైగా అభయారణ్యం పేరు చెబితేనే మాకు ఒళ్లు మండేది. కృష్ణజింకలు మందలు మందలుగా పెరిగి మా జొన్న, శనగ చేలల్లో పడ్డాయి. రాత్రంతా కావలి కాసి, తెల్లారి మేసిపోయిన మడి చూసుకున్నవాడికి జంతువుల మీద ప్రేమ పుట్టదు. నష్టపరిహారం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఆ కోపంలో, పిట్ట పోతే పీడ పోయిందనుకున్నాం. పిట్ట పోయింది. జింకలు ఉన్నాయి.

ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి 150కి మించవని అంచనా. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ఉన్నాయి. అక్కడ గాలిమరలు, సోలార్ ప్లాంట్లు, వాటి వెంట హైటెన్షన్ తీగలు. బట్టమేకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా ఆనదు. దగ్గరకొచ్చాక చూసినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ వాళ్లు థార్ ఎడారిలో లైన్ల కింద నడిచి చచ్చిన పిట్టల్ని లెక్కపెట్టారు. సుమారు 4,200 చదరపు కిలోమీటర్లలోనే అన్ని రకాలూ కలిపి ఏడాదికి 84,000 పక్షులు తీగలకు తగిలి చస్తున్నాయని తేల్చారు. సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలు భూమి లోపల వేయమంది. అంత విస్తీర్ణంలో అది కుదరదని ప్రభుత్వం వెళ్లి అడిగితే 2024 మార్చిలో ఆ ఆదేశం సడలించి, నిపుణుల కమిటీ వేసింది.

మనకు బట్టమేక లేదు కదా, ఇక ఆ గొడవ మనకెందుకు అంటారు. చలికాలంలో రోళ్లపాడు గడ్డిలో దిగే పిల్లిగద్దలు ఉన్నాయి. మధ్య ఆసియా నుంచి వచ్చి మన చేల మీద తిరిగి మిడతల్ని తింటాయి. వాటికి మనం కూలి ఇవ్వం. మహారాష్ట్రలో సతారా జిల్లా చాళ్కేవాడి పీఠభూమి మీద గాలిమరలున్న చోటును, లేని చోటును పోల్చి చూశారు. 2018లో ఆ పరిశోధన అచ్చయింది. మరలున్న చోట వేట పక్షులు దాదాపు నాలుగో వంతే ఉన్నాయి. వాటి భయం లేక తొండలు పెరిగిపోయాయి. గద్ద తగ్గితే మన చేలో పెరిగేది ఎలుకా, మరొకటా? దాని మీద పందెం వేయడానికి మేము సిద్ధంగా లేము.

పిట్టను పక్కన పెట్టినా, భూమి ఉంది. అనంతపురం వైపు కల్పవల్లి కథ విన్నారు కదా. ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపలా కాసి, మంటలు ఆర్పి, బోడిగుట్టల మీద బోదగడ్డి, ఈత పెంచుకున్నారు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. గాలిమరలకు ఇచ్చేశారు. రెక్కలు మోసే లారీలు ఎక్కాలంటే గుట్టను కోసి వెడల్పాటి దారి వేయాలి. ఆ దారుల నుంచి మట్టి వానకు కొట్టుకొచ్చి వాగుల్లో పడుతుంది. గొర్రెల వాళ్లకు మేత తగ్గింది. గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

ఇంత జరగడానికి ఒక చిన్న సంగతి కారణం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్ లేదు. క్వారీకి, సిమెంటు ఫ్యాక్టరీకి ఉండే ప్రజాభిప్రాయ సేకరణ గాలిమరకు లేదు. పొగ రాదు కాబట్టి హాని లేదన్నది వాళ్ల లెక్క.

గాలి కరెంటు వద్దని మేము అనడం లేదు. బోరుకు పగటి కరెంటు మనకే కావాలి. కౌలు డబ్బు వచ్చే రైతు చేతిలోంచి అది లాక్కోమని కూడా అనడం లేదు. మెట్ట చేను గలవాడికి అది నికరమైన రాబడి, మా చుట్టాల్లోనే అలా ఇచ్చినవాళ్లున్నారు. కానీ గుట్ట ఊరుమ్మడిది. దాని మీద సంతకం పెట్టే హక్కు తాసిల్దారుకు ఒక్కడికే ఎలా ఉంటుంది? గ్రామసభ ముందు పెట్టాలి. ఏడాది పొడుగునా, ముఖ్యంగా చలికాలం, ఏ పిట్టలు దిగుతున్నాయో లెక్క తీశాకే చోటు నిర్ణయించాలి. పిట్టలు దిగే గడ్డి మైదానాల మీదుగా లైను వేయొద్దు. తప్పదంటే భూమిలో వేయాలి, లేదా తీగలకు పిట్టలకు కనబడే బిళ్లలు కట్టాలి. అలాగే జింకల వల్ల పంట పోయినవాడికి అదే సీజన్లో పరిహారం అందాలి. అది లేకుండా రైతుకు వన్యప్రాణుల గురించి చెప్పడానికి ఏ అధికారికీ మొహం చెల్లదు.

మీ వల్ల కావలసిన పని ఒకటుంది. ప్రతి గ్రామ శాఖా తమ ఊరి పోరంబోకు, గుట్ట, మేత బీళ్ల సర్వే నంబర్లు రాసి తీసుకురావాలి. ఎక్కడ గొర్రెలు మేస్తాయో, ఎక్కడ పిట్టలు దిగుతాయో గొర్రెల కాపర్లను అడగండి, వాళ్లకు మనకంటే బాగా తెలుసు. గాలిమరలకని ఎవరి దగ్గరైనా ఇప్పటికే సంతకాలు తీసుకుని ఉంటే ఆ కాగితాల నకలు కూడా తెండి. వచ్చే నెల సమావేశానికి ఇవి చేతిలో ఉంటే కలెక్టర్ గారికి వినతిపత్రం ఆ రోజే ఇద్దాం.