ఆపరేషన్ తర్వాత మన బాధ్యత

 

వుజూ చేసేచోట నానీమా జారిపడి తుంటి ఎముక విరిగిందన్న మాట మన నర్సీపట్నంలో అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం. అందరం తలో చెయ్యీ వేసి ఆపరేషన్‌కు డబ్బు సమకూరుస్తాం. ఆమె వాకర్ పట్టుకుని ఇల్లు చేరితే మన పని పూర్తయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుంది.

చిన్నగా జారితేనే ఎముక విరిగిందంటే అది గుల్లబారి ఉండవచ్చు. డాక్టర్లు దీన్ని ఆస్టియోపోరోసిస్ అంటారు. ఆపరేషన్ విరిగినదాన్ని అతుకుతుంది, గుల్లబారడాన్ని ఆపదు. దానికి వేరే మందు వాడాలి. వాడకపోతే మరో ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడ మన ఫోన్ అక్కరకొస్తుంది. డాక్టర్లు రాసే మందుల్లో వారానికోసారి వేసుకునే ఎలెండ్రోనేట్ మాత్ర ఒకటి. దాన్ని పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. వారానికోసారి కాబట్టి తేలిగ్గా మరచిపోతాం, అందుకని అలారం పెట్టుకోవాలి. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూది ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. ఆ తేదీ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. రంజాన్‌లో మాత్ర ఏ వేళ వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడగాలి.

2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని ప్రారంభించింది. ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తారు. 2020 ఏప్రిల్ నుంచి ఇంటి నుంచే మాట్లాడే వీలూ వచ్చింది. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఫోటోలు ఫోన్లో దాచుకుంటే, ప్రతి సందేహానికీ నడవలేని మనిషిని విశాఖపట్నం దాకా తీసుకెళ్లే కష్టం తగ్గుతుంది. అయితే కాలు వాచినా, కుట్లు చీముపట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయాలి.

దాతలకు మా మనవి ఒకటే. ఒంటరిగా ఉన్న పెద్దలకు ఫోన్ కొనిస్తే సరిపోదు, దాన్ని వాడి చూపేవారు కావాలి. ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలు ఒక్కొక్కరికి ఒక్కో పెద్దను అప్పగిద్దాం. వారు వారానికోరోజు వెళ్లి మాత్ర సంగతి కనుక్కోవాలి, డాక్టరుతో మాట్లాడించాలి, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు దగ్గరుండి చేయించాలి. పెద్దల అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు, వారి ఓటీపీ అడగకూడదు. ఈ పద్ధతులు పిల్లలకు నేర్పే బాధ్యత ఉపాధ్యాయులుగా మేము తీసుకుంటాం. వారి రీచార్జికి, పేద ఇళ్లలో స్నానాలగది గోడకు బిగించే కడ్డీలకు మీ చందాలో ఒక వాటా కేటాయించండి.